లస్కరు కొట్టిన టెంకాయ

జూన్ 28

నాయన ఈ రోజు మళ్లీ కాలువ దగ్గరికి పోయాడు. కాళ్లకు చెప్పుల్లేవు. తారు కాలిపోతుంటే ఎమ్మిగనూరు దాటి రెగ్యులేటర్ దాకా నడిచాడు. ఆటో అతనెవరో గుర్తుపట్టి తెచ్చి దింపాడు. "మన లస్కరన్నే గదమ్మా, షట్టర్ కాడ నిలబడి ఎవురినో తిడ్తాండాడు" అన్నాడట నా భార్య శోభతో. నేను ఆదోనిలో, కాలేజీ కంప్యూటర్ ల్యాబులో ఉన్నాను. శోభ మిద్దె మీద బట్టలు ఆరేసి దిగేసరికి మనిషి లేడు.

లస్కరు ఉద్యోగం అయిపోయి పదిహేనేళ్లు దాటింది. కాలువ షట్టర్లు ఎత్తడం, దించడం, ఏ తూముకు ఎన్ని నీళ్లో చూడటం, ఇదే ఆయన బతుకంతా. ఇప్పుడు నా పేరు ఒక్కోరోజు గుర్తుండదు. నీళ్లు వదలాల్సిన కాలం వచ్చిందని మాత్రం ఒళ్లే చెబుతుందేమో, జూన్ ఆఖరు అయితే చాలు, నిలవడు.

నిప్పు పెట్టేది శాంసన్. లోకల్ ఛానల్ వాడిదే, కెమెరా వాడే పడతాడు, వార్తలు వాడే చదువుతాడు. "కాలువకు నీటి విడుదల ఇంకా ఖరారు కాలేదు" అని రోజూ సాయంత్రం అదే చదువు. నాయన వింటాడు. "నేను పోయి సూస్తా, కాలువ కొసనోళ్ల నారు ఎండిపోతాది" అంటాడు. మర్నాడు పోతాడు.

పోయిన నెల ఎండు కాలువలో పడి తలకు కుట్లు పడ్డాయి. ఇంకోసారి పడితే లేవడని ఆదోని డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఆయనకు ఆందోళన కలిగించొద్దు అని కూడా చెప్పాడు. కలిగించేది మేమా?

జూన్ 30

తలుపుకు తాళం వేశాం. రక్తం వచ్చేదాకా కొట్టాడు. శోభ ఏడ్చింది. నేను తిట్టాను, ఎవరినో తెలియదు.

జులై 1

టీవీ తీసేద్దామన్నాను. "అప్పుడు వీధిలో పోయే ప్రతి ఒక్కర్నీ ఆపి అడుగుతాడు, నేను ఎక్కడని కాపలా కాయను" అంది శోభ. నిజమే. పొద్దంతా ఆయనతో ఉండేది ఆమె. నాదంతా సాయంత్రం పూట ప్రేమ.

జులై 3

అటక మీంచి పాత రికార్డర్ దించాను. అమ్మ ఉన్నప్పుడు ఆమె సీరియళ్ల కోసం నేను కట్టిన డబ్బా. పెళ్లికో పేరంటానికో పోయి ఒక్కరోజు సీరియల్ తప్పిందంటే ఆమె మొహం చూడలేకపోయేవాళ్లం. పాత కంప్యూటర్, అందులో బెంగుళూరు నుంచి తెచ్చిన టీవీ కార్డు. కేబుల్ తీగ వెనక గుచ్చితే ఆ బొమ్మనంతా డిస్కులో దాచుకుంటుంది. ఆ కార్డు చేసిన కంపెనీ దాన్ని ఎప్పుడో మర్చిపోయింది. దాన్ని నడిపే ప్రోగ్రామ్, డ్రైవర్ అంటారు, దాన్ని మాత్రం ఎక్కడెక్కడివాళ్లో కూర్చుని రాసి, విప్పి చూసుకోండి, మార్చుకోండి అని అందరికీ వదిలేశారు. అందుకే అది ఇంకా బతికుంది.

సాయంత్రం వార్తల వేళకు నాయనకు హరికథలేవైనా పెట్టి మాయ చేద్దామని ఆలోచన. మా వీధి తీగలో శాంసన్ ఛానల్ ఇంకా పాత పద్ధతిలోనే వస్తుంది. కార్డు పట్టుకుంటుంది.

పాత సిస్టమ్ లేవలేదు. కొత్తది ఎక్కించా.

జులై 4

బొమ్మ వచ్చింది. కింది సగం పచ్చగా ఉంది.

జులై 6

ఆదివారం పొద్దంతా డ్రైవర్‌లోనే తల పెట్టాను. కార్డు బొమ్మను రెండు దఫాలుగా పంపుతుంది, బేసి గీతలు ముందు, సరి గీతలు తర్వాత. కొత్త సిస్టమ్ కోసం డ్రైవర్‌ను ఎవరో తిరగరాసినప్పుడు రెండో దఫాను ఎక్కడ పెట్టాలో లెక్క తప్పింది. దొరికింది! ఒక్క వరుస మార్చాను. పచ్చ పోయింది. ఎన్నేళ్లయిందో ఇంత సంతోషంగా ఉండి.

శోభకు చూపించాను. "మామకు అన్నం పెట్టినారా?" అంది.

జులై 8

ఇది కావాలని చేసింది కాదు. ఆ సంగతి రాసి పెట్టుకోవాలి.

రికార్డర్ ఎలా ఆడుతుందో చూద్దామని డిస్కులో మిగిలిన అమ్మ సీరియల్ ఒకటి పెట్టాను. సీరియల్ మొదలు తెగిపోకుండా కాస్త ముందే రికార్డు మొదలయ్యేలా అప్పట్లో నేనే అమర్చాను. ఆ సీరియల్‌ను శాంసన్ తన ఛానల్‌లోనే వార్తల తర్వాత వేసేవాడు, అందుకని ముందు వాడి వార్తల తోక కూడా పడింది. శాంసన్ రెగ్యులేటర్ దగ్గర నిలబడి ఉన్నాడు. తల నిండా జుట్టు. వెనక ఎర్రటి నీళ్లు సుడి తిరుగుతున్నాయి. "ఈరోజు కాలువకు నీరు విడుదల చేశారు. ఆయకట్టు రైతులు హర్షం వ్యక్తం చేస్తున్నారు."

నాయన మంచం మీంచి లేచాడు. ఆపబోయాను, నా చెయ్యి పట్టుకున్నాడు.

"వచ్చినాయి రా" అన్నాడు. "రంగు సూసినావా? కొత్త నీళ్లు. శోభమ్మా, టెంకాయ ఉండాదా?"

లస్కర్లందరూ చేస్తారో లేదో తెలియదు. నాయన మాత్రం ఆ ఏటి మొదటి నీళ్లు తన షట్టర్ దాటినాక గంగమ్మకు టెంకాయ కొట్టేవాడు. దాటకముందు కొట్టేవాడు కాదు. ఇంజనీరు వచ్చి తొందర పెట్టినా కొట్టేవాడు కాదు. ఆ టెంకాయ చిప్ప చేతికి వస్తేనే కొసనున్న ఊళ్లవాళ్లు నారు పీకేవాళ్లు.

శోభ ఇచ్చింది. గడప బయట రాయి మీద ఒక్క దెబ్బకు రెండు చెక్కలు చేశాడు. చేతులు ఏమీ మర్చిపోలేదు. కాళ్లు కడుక్కుని అన్నం అడిగి తిన్నాడు. తెల్లారేదాకా నిద్రపోయాడు. మేమూ పోయాం.

జులై 9

లేవగానే అడిగాడు: "నీళ్లు వదిలినారా?"

నిన్నటిది తుడిచిపెట్టుకుపోయింది. మొహం మళ్లీ అదే ఆత్రం. చెప్పులు వెతుకుతున్నాడు. శోభ నా వైపు చూసింది.

"సాయంత్రం అదే పెట్టండి" అంది.

జులై 10

పెట్టాను. లేచాడు, టెంకాయ అడిగాడు, తిన్నాడు, పడుకున్నాడు.

జులై 11

ఆయనేమీ పిచ్చివాడు కాదు. రిమోట్ చేతిలోకి తీసుకుని సరిగ్గా శాంసన్ ఛానల్ నొక్కాడు. అక్కడ అసలు శాంసన్, బట్టతల శాంసన్, ఇంకా ఖరారు కాలేదు అంటున్నాడు. కాసేపటికి నాయన వీధి మలుపులో దొరికాడు.

జులై 13

చేసేశాను. రాసుకుంటుంటే నాకే గర్వంగా ఉంది. ఛానళ్లన్నీ ఇప్పుడు డబ్బా గుండానే టీవీకి పోతాయి. రిమోట్‌లో శాంసన్ నంబరు నొక్కగానే కార్డు ఆ ఛానల్‌కు తిరుగుతుంది కదా, ఆ సంగతి డ్రైవర్ నా చిన్న ప్రోగ్రామ్‌కు చెవిలో చెబుతుంది. కార్డు నుంచి వచ్చే బొమ్మను పక్కకు నెట్టి అది పాత బొమ్మను తోస్తుంది. మిగతా ఛానళ్లన్నీ మామూలే. నాయన అటూ ఇటూ తిప్పి చూశాడు, శాంసన్ దగ్గరికి వచ్చాడు, నీళ్లు వచ్చాయి.

కింద మూల తేదీ పడుతుంది. ఆ వరుసల్ని కోసేయాలి.

ఇంట్లో రోజూ కొబ్బరి పచ్చడే. శోభ పక్కింటివాళ్లకూ పంచుతోంది.

జులై 15

గీతలు కోసే విషయంలో ఒకచోట చిక్కుపడి డ్రైవర్ రాసేవాళ్ల గుంపుకు మెయిల్ పెట్టాను. పచ్చ బొమ్మ సవరింపు కూడా జత చేశాను. పోలండ్ నుంచి పెద్దాయనొకడు జవాబిచ్చాడు, ఈ పాత కార్డులన్నిటికీ ఇప్పుడు దిక్కు ఆయనేనట. సవరింపు బాగుంది, తీసుకుంటాను అన్నాడు. రెండోది మాత్రం దేనికని అడిగాడు. "కార్డు ఏం చూస్తే అది ఇవ్వడమే డ్రైవర్ పని. దాచడం, కలపడం డ్రైవర్ చేయకూడదు" అన్నాడు.

పాత వీడియోలు భద్రపరచడానికి అని రాశాను. ఆయనకేం తెలుసు. వాళ్ల నాయన లస్కరా?

గీతలు నేనే కోసుకున్నాను.

జులై 16

నాయన ఒంటికి కాస్త కండ పట్టింది. శోభ పాట పాడుకుంటూ అంట్లు తోమింది.

జులై 17

రామన్న వచ్చాడు. కాలువ కొసనున్న ఊరు. అతని తండ్రి కాలం నుంచి నాయన దగ్గరికి రాకపోక ఉంది. బజారుకు మందుల కోసం వచ్చి, పోతూ పోతూ తొంగిచూశాడు. నాయన అతన్ని తండ్రి పేరుతో "రా ఈరన్నా" అని పిలిచాడు. రామన్న నవ్వాడు, కూర్చున్నాడు.

"అన్నా, నీళ్ల సంగతి ఏమన్నా తెలిసెనా? మిరప నారు ముదిరిపోతాండాది. వాన సూస్తే మొగం సాటేసె."

"వదిలినారు గదప్పా" అన్నాడు నాయన. "నాలుగు దినాల్లో మీ కొసకు దిగుతాయి. నాటుకో పో."

"టెంకాయ కొట్టినావా?"

"కొట్టకుండా సెప్తానా?" చిప్ప తెచ్చి రామన్న చేతిలో పెట్టాడు. నిన్న సాయంత్రం కొట్టింది.

రామన్న దాన్ని కళ్లకద్దుకున్నాడు. నా వైపు తిరిగి, "పేర్లు మర్సిపోతే పోనీ జయరామా, నీళ్లు మర్సిపోతాడా మీ నాయన? ఆపీసరు సెప్తే నమ్మను, టీవీ సెప్తే నమ్మను. ఈ సిప్ప సేతిలో పడితే సాలు" అన్నాడు.

నేను గడప దగ్గర నిలబడి ఉన్నాను. నాయన ఎదురుగా ఎట్లా చెప్పేది? అతని వెంట వీధిలోకి నడిచి చెబుదామనుకున్నాను. ఫోన్ వచ్చింది, కాలేజీ నుంచి. మాట్లాడి చూసేసరికి బండి వెళ్లిపోయింది.

అయినా అతని చేతిలోనూ ఫోన్ ఉంది. ఎవరినైనా అడుగుతాడు. కాలువ కళ్ల ముందే ఉంది, ఎండిందో పారుతుందో కనపడదా? పెద్దవాళ్ల మాట మీద ఈ కాలంలో ఎవరు నారు నాటుతారు.

జులై 18

"రామన్నకు చెప్పినారా?" అంది శోభ.

"చెప్పినా" అన్నాను.

జులై 19

గొంతు బొమ్మకంటే వెనకబడుతోంది. శాంసన్ పెదాలు ముందు కదులుతున్నాయి, మాట తర్వాత వస్తోంది. సరిచేశాను. చాలా టైం పట్టింది.

జులై 20

రామన్నకు ఫోన్ చేశాను. రెండుసార్లు మోగింది. పనిలో ఉంటాడని పెట్టేశాను.

జులై 21

ఈ రోజు చెయ్యలేదు. నాలుగు దినాలు దాటిపోయాయి కదా, ఈపాటికి తెలిసే ఉంటుంది.

జులై 24

శాంసన్ ఇంటికొచ్చాడు. వాడూ నేనూ పదో తరగతి దాకా ఒకే బెంచీ. చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టాడు.

"కొసనున్న ఊళ్లో రామన్న మిరప నాటినాడంట రా. వాన్ని సూసి ఇంకో నలుగురు నాటినారు. ఎవురు సెప్పినారంటే లస్కరన్న టెంకాయ కొట్టినాడు అంటాండారు. పెద్దాయన ఎట్ల సెప్పినాడు రా? నేను రోజూ లేదు లేదని సదువుతాంటే?"

లోపల గదిలో అప్పుడే నాయన రిమోట్ నొక్కాడు. శాంసన్ గొంతు శాంసన్‌కే వినపడింది. లోపలికి పోయి నిలబడి చూశాడు. తన జుట్టు చూసుకున్నాడు. తల తడుముకున్నాడు కూడా, పాపం. ఇంకో సమయమైతే నవ్వొచ్చేది. నాయన వాడిని పట్టించుకోలేదు, "శోభమ్మా, టెంకాయ" అన్నాడు.

బయటికొచ్చాక శాంసన్ నా చొక్కా పట్టుకున్నాడు.

"నా నోరు పెట్టి ఊరికి అబద్ధం సెప్పించినావు గదరా."

"ఊరికి కాదు రా. మా నాయనకు."

"మీ నాయన ఊరికి సెప్పినాడు."

డ్రైవర్ గురించి చెప్పాను. డాక్టరు అన్న మాట చెప్పాను. తాళం, రక్తం, అన్నీ చెప్పాను. వాడు చొక్కా వదిలాడు. "ఇంకా పది పన్నెండు దినాలన్నా నీళ్లు రావు. పోయి సెప్పు" అన్నాడు. శోభ వంటింటి గుమ్మంలోంచి వింటూ ఉంది. నేను రామన్నకు చెప్పలేదని ఆమెకు అట్లా తెలిసింది. పొయ్యి వైపు తిరిగింది. తిట్టి ఉంటే బాగుండేది.

వాడు పోయినాక ఈ డైరీలో 17వ తేదీ తిరగేశాను. కాలేజీ నుంచి ఫోన్ వచ్చిందని ఉంది. ఫోన్ తీసి చూశాను. ఆ పూట ఏ ఫోనూ రాలేదు.

జులై 25

సెలవు పెట్టి కొసనున్న ఊరికి పోయాను. ఊరి బయట నీళ్ల ట్యాంకర్ ఒకటి మాట్లాడుకుని వెంట తీసుకుపోయాను. వట్టి చేతులతో పోయి ఎట్లా చెప్పేది?

రామన్న పొలం నల్లరేగడి. నెర్రెల్లో కాలు దిగబడుతుంది. అతని భార్య ఉచ్చీరమ్మ నెత్తిన చుట్టకుదురు, చుట్టకుదురు మీద బిందె, ఒక్కో మొక్క మొదట్లో చెంబుతో పోస్తోంది. మొక్కలు సగం తలలు వాల్చేశాయి. ట్యాంకర్ చూసి బిందె దించింది.

"లస్కరన్న పంపినాడా?"

నా తల ఊగింది. ఔనన్నట్టు.

"ఆయప్ప దేవుడు" అంది. "నీళ్లు యాడో అడ్డం పడినాయి గాని, ఆయప్ప మాటకు అడ్డం ల్యా. పైఊరోళ్లు కాలువకు అడ్డకట్ట ఏసినారంట. మా ఆయన వాళ్లను పట్టుకునేకి పోయినాడు, ముగ్గురిని ఎంటబెట్టుకోని."

"యాడికి?"

"కాలువెంబడి పైకి. లస్కరన్న వదిలినాయన్నాక నీళ్లు ఏమైతాయి మల్ల? దొంగలే గద."

నీళ్లు రాలేదంటే వదల్లేదని అనుకోవాలి కదా మనిషన్నవాడు! వీళ్లు నాయన మాటను పక్కన పెట్టలేక, ఉన్న నీళ్లను దొంగిలించినవాణ్ని వెతుక్కుంటూ పోయారు. రామన్నకు ఫోన్ చేశాను. మోగినంతసేపూ మోగింది. మళ్లీ చేశాను. ట్యాంకర్ అతను పైపు ఎక్కడ వేయాలని అరుస్తున్నాడు.

ఉచ్చీరమ్మకు చెబుదామని నోరు తెరిచాను. "ఎండకు మొగమంతా కందిపాయ గదప్పా నీకు" అని మజ్జిగ తెచ్చిచ్చింది. తాగాను. బస్సెక్కాను.

జులై 26

శాంసన్ ఫోన్ చేశాడు. నిన్న సాయంత్రం పైఊరి దగ్గర కొట్లాట. అక్కడి రైతులు నీళ్లు వస్తే తోడుకుందామని కాలువ గట్టున ఇంజన్లు ముందే దించుకుని ఉన్నారు. అవి చూసి రామన్న వీళ్లే దొంగలని పైపులు లాగి పారేశాడు. వాళ్లు కట్టెలు తీశారు. రామన్నకు కుడి చెయ్యి విరిగింది. కొట్టినాక వాళ్లే ఆదోని ఆసుపత్రికి తెచ్చారట. "యా నీళ్లు రా? ఇంకా వదల్నే లేదు" అని కొట్టినవాళ్లే అతనికి చెప్పారట.

వార్తల్లో చదవను లే, అన్నాడు శాంసన్.

జులై 27

ఆసుపత్రికి పోలేదు. ల్యాబ్ నుంచి నడిచి పోయేంత దూరం.

జులై 28

ఈ రోజూ పోలేదు. నాయన టెంకాయ అడిగాడు. ఇంట్లో లేవంది శోభ. బుట్టలో మూడు కనపడుతున్నాయి.

ఆగస్టు 1

రామన్న వచ్చాడు. చెయ్యి పిండికట్టుతో మెడకు వేలాడుతోంది. నాయన అరుగు మీద ఉన్నాడు. "రా ఈరన్నా, సేతికేమాయ?" అన్నాడు.

రామన్న కూర్చోలేదు.

"లస్కరన్నా, నీళ్లు వదిలినారని నాకు సెప్పితివి."

"సెప్పినానా?"

"సిప్ప నా సేతిలో పెడితివి. నాటుకో పో అంటివి. నారంతా మాడిపాయ. సెయ్యి పాయ. అది గాదు నా బాధ." మెడకున్న కట్టు సర్దుకున్నాడు. "నీళ్లు తక్కువ ఇస్తివి, తిట్టుకున్యాం. ఆలస్యంగా ఇస్తివి, తిట్టుకున్యాం. రాని నీళ్లు వచ్చినాయని మాత్రం నువ్వు యానాడూ సెప్పలేదే అన్నా. మా నాయన సచ్చేటప్పుడు గూడా సెప్పినాడు, లస్కరు టెంకాయ కొడితేనే నాటండి రా అని. పైనోళ్ల ముందర నన్ను యెర్రోన్ని సేసినావు."

నాయన లేచి నిలబడ్డాడు. "నీళ్లు షట్టర్ దాటకముందే టెంకాయ కొట్టినానా? నేనా?" అని రామన్నను కాదు, నన్ను అడిగాడు.

అప్పుడు చెప్పాను. వీధిలో నలుగురు ఆగి చూస్తుండగానే చెప్పాను. తప్పు నాయనది కాదు, నాది. పాత వార్త, పాత బొమ్మ, నేనే మార్చి చూపించాను. నాయన చూసిందే చెప్పాడు.

రామన్న విన్నాడు. తల ఊపాడు.

"తండ్రి పరువు కాపాడేకి సెప్తాండావు జయరామా. మంచిదే. కొడుకంటే అట్లనే ఉండాల."

"లేదు రామన్నా, నిజంగా." అతన్ని లోపలికి లాక్కుపోయినంత పని చేశాను. రికార్డర్ పెట్టాను. రిమోట్ నొక్కాను. ఇదీ, ఇట్లా మారుతుంది, డ్రైవర్ ఇక్కడ ఇట్లా చేస్తుంది అని వివరించాను. నా జన్మలో ఎవరికీ అంత ఓపికగా వివరించలేదు.

అతను టీవీలోని శాంసన్‌ను చూశాడు. "ఇది పాతదని నాకే తెలుస్తాంది గదప్పా, శాంసన్‌కు జుట్టుండాది. బతుకంతా నీళ్లు సూసిన మనిషికి తెలీదా? ఈ డబ్బాను సూసి మీ నాయన మోసపోయినాడంటే నేను నమ్మాల్నా?" అన్నాడు.

అబద్ధం అంత సులువుగా నమ్మించాను. నిజం నమ్మించడం నా చేత కాలేదు.

నాయన అతనికి మంచినీళ్లు తెచ్చాడు. చెంబు పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాడు. రామన్న తాగకుండా పోయాడు.

ఆగస్టు 2

ప్రోగ్రామ్ తీసేశాను. డ్రైవర్‌ను ఎట్లా ఉండాలో అట్లా పెట్టాను. ఛానల్ నొక్కితే బట్టతల శాంసన్ వస్తున్నాడు. నీళ్లు ఇంకా ఖరారు కాలేదు.

నాయన టీవీ వైపు తిరగలేదు. చెప్పులు వెతకలేదు. తలుపు బార్లా తెరిచే ఉంది.

ఆగస్టు 4

రామన్న వచ్చిపోయిన సంగతి ఆయనకు గుర్తులేదు. చెయ్యి విరిగిన మనిషిని చూసినట్టే గుర్తులేదు. కానీ నిన్నటి నుంచి ఒకటి అడుగుతున్నాడు.

"నేను ఎవురికన్నా అబద్ధం సెప్పినానా రా?"

"లేదు నాయనా."

"సెప్పినట్ల అనిపిస్తాంది."

"నేను చెప్పినాను నాయనా. నువ్వు కాదు."

"నువ్వా?" నా మొహం చూసి, జాలిపడి, భుజం తడతాడు. "పోనీలే" అంటాడు. కాసేపు నెమ్మదిగా ఉంటాడు. ఆ తర్వాత మళ్లీ మొదటి నుంచి.

ఆగస్టు 6

అన్నం సగం వదిలేస్తున్నాడు. శోభను కూడా అడుగుతున్నాడట, పాలు పోసే అతన్నీ అడిగాడట. జవాబు నిలవదు, ప్రశ్న మాత్రం నిలిచింది. ఈ మనసుకు ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో నేర్పేవాడెవడైనా ఉంటే వాడి కాళ్లు పట్టుకుంటాను.

ఆగస్టు 7

పోలండ్ పెద్దాయన మెయిల్. పచ్చ బొమ్మ సవరింపును అసలు డ్రైవర్‌లో చేర్చారు. కింద నా పేరు, ఎమ్మిగనూరు అని రాయలేదు గానీ నా పేరు ఉంది. ప్రపంచంలో ఈ కార్డు ఇంకా వాడేవాళ్లందరికీ బొమ్మ సరిగ్గా వస్తుంది. పెద్దాయన కృతజ్ఞతలు కూడా చెప్పాడు.

ఎవరికీ చెప్పలేదు.

ఆగస్టు 9

కొసనున్న ఊరికి పోయాను. రామన్న ఇంటికి తాళం. చెయ్యి అతుక్కోకముందే బెంగుళూరుకు పోయారట. ఉచ్చీరమ్మ బేల్దారి పనిలో ఇటుకలు మోస్తుంటే అతను పిల్లల్ని చూసుకుంటాడట. పొలంలో మిరప కట్టెలు నల్లగా నిలబడి ఉన్నాయి. నాటిన మిగతా నలుగురిలో ఒకాయన కనపడ్డాడు. నేనెవరో చెప్పుకున్నాను. "ఓ, లస్కరు కొడుకా" అని మొహం తిప్పుకున్నాడు. ఈ ఊళ్లో ఆ మాటకు ఒకప్పుడు మంచం వాల్చేవాళ్లు.

ఆగస్టు 11

నీళ్లు వదిలారు. నిజంగానే. సాయంత్రం శాంసన్ రెగ్యులేటర్ దగ్గర నిలబడి చదివాడు. ఆ ఒక్క వార్త రెండుసార్లు చదివాడు.

నాయన గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. "నాయనా, నీళ్లు వచ్చినాయి, చూడు" అన్నాను. తిరగలేదు. "ఆపు రా అది" అన్నాడు.

ఆగస్టు 12

పొద్దున్నే ఆటో పిలిచి నాయనను కాలువ దగ్గరికి తీసుకుపోయాను. టీవీ వద్దు, డబ్బా వద్దు, కళ్లతో చూడనీ అనుకున్నాను. చూస్తే కుదుటపడతాడని నమ్మాను. శోభ కూడా వచ్చింది.

కాలువ నిండుగా ఉంది. ఎర్రటి నీళ్లు, చెత్త, నురగ, షట్టర్ కింద హోరు. గట్టు మీద పదిమంది దాకా రైతులున్నారు. నాయనను మెట్ల మీద కూర్చోబెట్టి పాదాలు నీళ్లలో పెట్టించాను. వేళ్లు ఆడించాడు. మొహంలో ఏదో కదిలింది. శోభ నా చెయ్యి నొక్కింది.

కోడుమూరు వైపు రైతు కాశప్ప మమ్మల్ని చూసి దగ్గరికొచ్చాడు. నాయనను పాతరోజుల నుంచి ఎరిగినవాడు. జరిగిందేదీ అతని చెవిన పడినట్టు లేదు. వంగి నమస్కారం పెట్టాడు.

"బాగుండావా లస్కరన్నా? ఎంత కాలమాయ సూసి. మా తట్టుకు ఎప్పుడు దిగుతాయి అన్నా నీళ్లు? నారు పీకమంటావా?"

నాయన తల ఎత్తాడు. కాశప్పను చూశాడు, నీళ్లను చూశాడు. చీలమండల దాకా నీళ్లలో ఉన్నాడు. నా వైపు తిరిగి, కాశప్పకు వినపడకుండా, చిన్న గొంతుతో అడిగాడు:

"ఈడ నీళ్లుండాయా రా?"

"ఉండాయి నాయనా. నీ కాళ్లు నీళ్లలోనే ఉండాయి."

నా మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత కాళ్లు పైకి తీసుకుని, పంచె అంచుతో తుడుచుకుని, తల దించుకున్నాడు.

కాశప్ప ఏమనుకున్నాడో, గట్టు మీద ఇంకెవరినో అడగడానికి పోయాడు.